బెయిలొచ్చింది... మరి తీర్పో?

మొన్నామధ్య ఆఫీసు కాంటీన్లో పెద్ద గొడవైంది. గొడవంటే కొట్టుకోలేదు లెండి, సాంబారు చల్లారిపోయేదాకా అరుచుకున్నారంతే. టీవీలో ఎవరో నాయకుడికి బెయిలొచ్చిందని స్క్రోలింగు పోతోంది. మా టీంలో ఒకతను "చూశావా, కడిగిన ముత్యం!" అన్నాడు. ఎదురుగా కూచున్నతను "అమ్ముడుపోయారు" అన్నాడు. ఎవరు అమ్ముడుపోయారో చెప్పలేదు. బెయిలొస్తే నిర్దోషి అని ఒకడు, బెయిలిచ్చాడంటే జడ్జికేదో ముట్టిందని ఇంకొకడు. ఆ కేసులో విచారణ ఇంకా మొదలే కాలేదన్న సంగతి మాత్రం ఇద్దరికీ పట్టలేదు.

నేను నోరు మెదపలేదు. ఎందుకంటే నాకు మా పెదనాన్న గుర్తొచ్చారు.

2003లో, నేను ఒకటో తరగతిలో ఉండగా, పెదనాన్నని లంచం కేసులో పట్టుకున్నారు. మూడు వేల రూపాయలు. ఏ ఆఫీసో ఏ ఊరో వద్దు లెండి. నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు, వాటిని ముట్టుకున్న చేతుల్ని సోడా కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. పెదనాన్న చేతులు ముంచితే తిరిగాయట. ఇంటర్లో కెమిస్ట్రీ లాబులో టైట్రేషన్ చేసేటప్పుడు ఆ రంగు వచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరించేది. తీర్పు 2017లో వచ్చింది. అప్పుడు నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆ పద్నాలుగేళ్ళ సంగతి చివర్లో చెప్తాను.

కాంటీన్ గొడవ తర్వాత ఓ నెల్రోజులపాటు రాత్రిళ్ళు సుప్రీంకోర్టు తీర్పులు చదువుతూ కూచున్నాను. నేను లాయర్ని కాదు, లాగ్ ఫైళ్ళు చదివి బతికేవాణ్ణి. కానీ పాత తీర్పులు కూడా లాగ్ ఫైళ్ళలాంటివే. ఏ తేదీన ఏం జరిగింది, ఎక్కడ ఆగింది, ఎందుకాగింది అన్నీ రాసుంటాయి. ఓపిక ఉండాలంతే.

ముందు బెయిలు గురించి ఓ మాట. మనలో చాలామంది బెయిలంటే సగం తీర్పనుకుంటాం. కాదు. మనిషి పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా, కాగితాలు మాయం చేస్తాడా - ముఖ్యంగా చూసేది ఈ మూడే. బెయిలు నియమం, జైలు మినహాయింపు అన్న అర్థం వచ్చే మాట 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు. ఇంకోటి కూడా ఉంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం 60 రోజుల్లోనో (పెద్ద నేరమైతే 90 రోజుల్లోనో) పోలీసులు ఛార్జిషీటు వెయ్యకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వచ్చేస్తుంది. 2024 జులైలో కొత్త చట్టం వచ్చింది, పేరు మారింది కానీ ఈ గడువు మారలేదు. అంటే ఛార్జిషీటుకి గడువుంది. తీర్పుకి మాత్రం లేదు! అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

మరి ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు.

1949 ఏప్రిల్. రాజ్యాంగం ఇంకా అమల్లోకి రాలేదు. వింధ్యప్రదేశ్ అని అప్పట్లో ఓ రాష్ట్రం ఉండేది (తర్వాత మధ్యప్రదేశ్‌లో కలిసిపోయింది). దానికి పరిశ్రమల మంత్రి రావు శివబహదూర్ సింగ్. పన్నా వజ్రాల గనుల కంపెనీ దగ్గర 25 వేల రూపాయలు లంచం పుచ్చుకున్నారని ఢిల్లీలో పట్టుకున్నారు. పొడీ గిడీ కాదు, ముందే గుర్తుపెట్టిన నోట్లు. 1950లో ప్రత్యేక జడ్జి కేసు కొట్టేశారు. 1951లో పైకోర్టు ఆ తీర్పుని తిరగేసి శిక్ష వేసింది. సుప్రీంకోర్టుకెళ్తే 1953లో రాజ్యాంగ ధర్మాసనం న్యాయసూత్రాల సంగతి తేల్చింది, 1954 మార్చిలో శిక్ష ఖరారైంది. మూడేళ్ళ జైలు. ఈయన ఎవరో కాదు, తర్వాత ముఖ్యమంత్రీ కేంద్రమంత్రీ అయిన అర్జున్ సింగ్ గారి తండ్రి.

లెక్కెయ్యండి. పట్టుబడింది 1949, ఖరారైంది 1954. మధ్యలో మూడు మెట్లు, ఒక రాజ్యాంగ ధర్మాసనం, ఓ కొత్త రాజ్యాంగం. అన్నీ కలిపి అయిదేళ్ళు! ఇది చదివి నేను నిజంగానే కుర్చీలోంచి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను.

అప్పటి చట్టం 1947 నాటి అవినీతి నిరోధక చట్టం. 1952లో ఇంకో మెట్టెక్కి, ఇలాంటి కేసులు ప్రత్యేక జడ్జీలే విచారించాలని రాశారు. మామూలు కోర్టుల రద్దీలో ఇరుక్కోకూడదని. మంచి ఆలోచనే. అదే ముప్ఫయ్యేళ్ళ తర్వాత ఒక ముఖ్యమంత్రి కేసుని ఎలా తిరగేసి తన్నిందో చూడండి.

ఏ.ఆర్. అంతులే 1980 జూన్‌లో మహారాష్ట్ర ముఖ్యమంత్రయ్యారు. సిమెంటుకి రేషను ఉండే కాలం అది. ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారుగానీ, ఇల్లు కట్టుకోవాలంటే సిమెంటుకి పర్మిట్ కావాలి. సిమెంటు కోటాలిచ్చి, దానికి బదులుగా తాను పెట్టిన ట్రస్టుకి బిల్డర్ల చేత విరాళాలిప్పించుకున్నారని ఆరోపణ. ట్రస్టు పేరు ఇందిరాగాంధీ ప్రతిభా ప్రతిష్ఠాన్. 1981లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అరుణ్ శౌరీ రాశారు. 1982 జనవరిలో బొంబాయి హైకోర్టు తీర్పు వ్యతిరేకంగా రావడంతో ముఖ్యమంత్రి పదవి పోయింది. గవర్నర్ విచారణకి అనుమతిచ్చారు, రాందాస్ నాయక్ అనే బీజేపీ నాయకుడు ప్రత్యేక కోర్టులో కేసు వేశారు. ఇక్కడిదాకా అంతా చకచకా నడిచింది.

అప్పుడు అంతులే గారి వైపునుంచి ఒక ప్రశ్న వచ్చింది. ముఖ్యమంత్రి పదవి పోయింది, సరే. కానీ ఆయనింకా ఎమ్మెల్యేనే కదా? ఎమ్మెల్యే కూడా ప్రభుత్వ సేవకుడే అయితే దానికి వేరే అనుమతి కావాలి కదా? ప్రత్యేక జడ్జి 1983లో "అవును" అని ఆయన్ని వదిలేశారు. సుప్రీంకోర్టు 1984 ఫిబ్రవరిలో "కాదు, ఆ చట్టం ప్రకారం ఎమ్మెల్యే ప్రభుత్వ సేవకుడు కాడు, అనుమతి అక్కర్లేదు" అంది. ఊరుకోలేదు. ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి కేసుని నేరుగా బొంబాయి హైకోర్టుకి మారుస్తున్నాం, రోజువారీ విచారణ జరిపి త్వరగా తేల్చండి అని ఆదేశించింది. ఎవరూ అడక్కుండానే.

త్వరగా తేలాలన్న మంచి ఉద్దేశంతోనే చేసింది. హైకోర్టులో విచారణ మొదలైంది. సాక్షులొచ్చారు. ప్రతిపాదించిన 43 అభియోగాల్లో 21 నిలుస్తాయి, మిగతా 22 నిలవవు అన్నారు అక్కడి జడ్జి. మళ్ళీ సుప్రీంకోర్టు. 1986లో అవి కూడా పెట్టమంది, జడ్జిని కూడా మార్చమంది. కొత్త జడ్జి మళ్ళీ అభియోగాలు రాశారు. ఇంతలో అంతులే గారు ఇంకో ప్రశ్న వేశారు. 1952 చట్టం ప్రకారం నన్ను ప్రత్యేక జడ్జే విచారించాలి కదా, హైకోర్టులో ఎందుకు నిలబెట్టారు? నేరుగా హైకోర్టులో విచారిస్తే హైకోర్టుకి అప్పీలు చేసుకునే నా హక్కు పోలేదా?

1988 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం, మెజారిటీతో చెప్పిందేమిటంటే - నిజమే, 1984లో మేము చేసింది తప్పు!

అంటే నాలుగేళ్ళ పని చెత్తబుట్టలోకి. మా భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్లో పెట్టిన నాలుగేళ్ళ కోడు మొత్తం రోల్‌బ్యాక్. అదీ టెస్టర్ చెప్తే కాదు, ఆర్కిటెక్టే వచ్చి "డిజైన్ నాదే, తప్పూ నాదే" అంటే. తప్పొప్పుకున్నందుకు గౌరవించాలా, ఆరేళ్ళయ్యాక కేసు మొదటికొచ్చినందుకు తల పట్టుకోవాలా తెలీదు. నా మటుకు నాకు ఆ 1988 తీర్పు సరైనదే అనిపిస్తుంది. మాజీ ముఖ్యమంత్రయినా సరే, అప్పీలు హక్కు తీసేసి త్వరగా శిక్షించడం న్యాయం కాదు. కానీ ఆ ప్రశ్న 1984లో కాక 1988లో తేలడం వల్ల ఎవరికి లాభమో వేరే చెప్పక్కర్లేదు.

కథ అయిపోలేదు. అసలు మలుపు ఇప్పుడుంది. ఇంత ఆలస్యమైంది కాబట్టి, సత్వర విచారణ నా ప్రాథమిక హక్కు కాబట్టి, కేసు కొట్టెయ్యండి అని ఆయనే సుప్రీంకోర్టుకెళ్ళారు! 1991 డిసెంబరులో అయిదుగురు జడ్జిలు తీర్పిచ్చారు. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణలో ఉన్న హక్కేనన్నారు. ఆలస్యానికి కారణమెవరు, కేసెలాంటిది, నిందితుడికి నష్టమేమిటి, అన్నీ తూచి చూడాలన్నారు. ఇన్నేళ్ళని గీత గియ్యలేమన్నారు. ఆయన కేసు మాత్రం కొట్టెయ్యలేదు.

ఈ హక్కు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహారు జైళ్ళలో, నేరం రుజువైనా పడేంత శిక్షకంటే ఎక్కువకాలం విచారణ ఖైదీలుగానే మగ్గిపోతున్న బీదవాళ్ళ కోసం వేసిన కేసది. పూచీకత్తు కట్టడానికి చేతిలో కానీ లేనివాళ్ళు. సత్వర విచారణ హక్కని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది వాళ్ళ కోసం. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఆ హక్కునే పట్టుకుని ఒక మాజీ ముఖ్యమంత్రి కోర్టుకొచ్చారు. చట్టం అందరికీ ఒకటే కాబట్టి తప్పేం లేదు. కానీ బయట ఉన్నవాడికి ఆలస్యం ఒక సౌకర్యం, లోపల ఉన్నవాడికి అదే శిక్ష. రెంటినీ ఒకే పేరుతో పిలుస్తున్నాం మనం.

అంతులే గారు 2006లో కేంద్రమంత్రయ్యారు. 2014లో పోయారు.

మన తెలుగువాళ్ళ కేసు ఒకటి చెప్పకపోతే బాగోదు. పి.వి. నరసింహారావు గారు. 1993 జులైలో అవిశ్వాస తీర్మానం నెగ్గడానికి జార్ఖండ్ ముక్తిమోర్చా ఎంపీలకి డబ్బులిచ్చారని కేసు. ఇక్కడా అదే ప్రశ్న - ఎంపీ ప్రభుత్వ సేవకుడా కాదా? 1998లో సుప్రీంకోర్టు అవునంది. అయితే డబ్బు పుచ్చుకుని ఓటేసిన ఎంపీలకి రాజ్యాంగ రక్షణ ఉంది, వాళ్ళని విచారించకూడదు, ఇచ్చినవాళ్ళని విచారించొచ్చు అని కూడా అంది. (చదివిందే మళ్ళీ చదివాను, కళ్ళు మోసం చేశాయేమోనని.) 2000లో పీవీకి ప్రత్యేక కోర్టు మూడేళ్ళ శిక్ష వేసింది, 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. 2004లో ఆయన పోయారు. ఎంపీలకిచ్చిన ఆ రక్షణ తప్పని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది 2024 మార్చిలో. ముప్ఫయ్యేళ్ళకి!

గడువులు పెట్టి చూడలేదా అని మీరడగొచ్చు. పెట్టారు. 1996, 1998ల్లో సుప్రీంకోర్టే కొన్ని రకాల కేసులకి ఇన్నేళ్ళు దాటితే సాక్ష్యం ముగించాలి, ఇన్నేళ్ళు దాటితే వదిలెయ్యాలి అని లెక్కలు చెప్పింది. ఏమైందో తెలుసా? మంగళూరు కార్పొరేషన్లో ఎలక్ట్రికల్ సూపరింటెండెంటుగా చేసిన ఒకాయన మీద ఆదాయానికి మించిన ఆస్తుల కేసు. ఛార్జిషీటు 1994లో. 1999 దాకా విచారణే మొదలవలేదు. గడువు దాటింది కాబట్టి నిర్దోషి అని ప్రత్యేక కోర్టు వదిలేసింది. ఆయన తప్పు చేశాడా లేదా ఎవరూ చూడలేదు, క్యాలెండర్ చూశారంతే. ఆ కేసులోనే 2002లో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిలతో కూచుని, ఇలా గడువులు పెట్టడం మా పని కాదు, చట్టసభల పని అని పాత లెక్కల్ని రద్దు చేసింది.

గడువు పెడితే దొంగ తప్పించుకుంటాడు, పెట్టకపోతే మంచివాడు చస్తాడు. మా మేనేజరుకి చెప్తే "ఎస్‌ఎల్ఏ పెడితే క్వాలిటీ పోతుంది, పెట్టకపోతే డెలివరీ పోతుంది" అంటాడు. ఆయనకి అన్నీ అలాగే కనిపిస్తాయి.

ఇక సత్యం. సాఫ్ట్‌వేర్ వాణ్ణయ్యుండి సత్యం గురించి రాయకపోతే కళ్ళు పోతాయి! 2009 జనవరి 7న రామలింగరాజు గారి ఉత్తరం బయటపడినప్పుడు మాది హైస్కూలు వయసు కూడా కాదు, కానీ మా వీధిలో అందులో పనిచేసే అన్నయ్య ఒకతను గేటుకానుకుని రోడ్డుకేసి చూస్తూ నిలబడిపోవడం ఇప్పటికీ గుర్తే. ఇది లంచం కేసు కాదు, కంపెనీ లెక్కల మోసం. అయినా ఇక్కడెందుకు తెస్తున్నానంటే బెయిలుకీ విచారణకీ ఉన్న ముడి ఇందులో అద్దంలా కనపడుతుంది. 2010లో హైకోర్టు బెయిలిచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసి, లొంగిపొమ్మంది. కానీ అదే నోటితో విచారణ 2011 జులై ఆఖరుకల్లా ముగించమంది. ముగియలేదు. 2011 నవంబరులో సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. అంటే లోపల పెట్టి ఉంచాలంటే త్వరగా తేల్చండి, తేల్చలేకపోతే వదలండి అని. నాకీ లెక్క సబబుగా అనిపించింది.

2015 ఏప్రిల్ 9న తీర్పు. ఏడేళ్ళ జైలు. రెండొందల పైచిలుకు సాక్షులు, మూడు వేల పైచిలుకు పత్రాలు, ఆరేళ్ళ మూడు నెలలు. ఇంత పెద్ద కేసుకి ఇది మనదేశంలో వేగమనే చెప్పాలి. ఎలా సాధ్యమైంది? ఆ కేసుకే ఒక ప్రత్యేక కోర్టుండటం ఒక కారణం. ఇంకో కారణం నేననుకునేది - నిందితుల్లో ఎవరూ ఎన్నికల్లో నిలబడేవాళ్ళు కారు.

ఎందుకలా అంటున్నానో జయలలిత గారి కేసు చూస్తే తెలుస్తుంది. 1991-96 మధ్య ముఖ్యమంత్రిగా ఉండి, 66 కోట్ల పైచిలుకు ఆదాయానికి మించిన ఆస్తులు కూడబెట్టారని 1997లో చెన్నైలో ఛార్జిషీటు. (మన హైదరాబాదు పక్కన జీడిమెట్ల వైపున్న ద్రాక్షతోట ఆదాయం మీద కూడా ఆ కేసులో పెద్ద వాదన నడిచింది.) సాక్షులు చెప్పాల్సింది చెప్పారు. 2001లో ఆమె మళ్ళీ ముఖ్యమంత్రయ్యారు. 76 మంది సాక్షుల్ని మళ్ళీ పిలిచారు. అందులో 64 మంది మాట మార్చారు! ప్రాసిక్యూటరు కూడా వాళ్ళని గట్టిగా నిలదియ్యలేదు. నిలదియ్యాల్సిన ప్రాసిక్యూటర్ని నియమించేది ఎవరు? ప్రభుత్వం. ప్రభుత్వాధినేత ఎవరు? నిందితురాలే. 2003 నవంబరులో సుప్రీంకోర్టు ఇది చూసి కేసుని బెంగళూరుకి మార్చింది. తమిళ కాగితాలన్నీ అనువాదం. 2014 సెప్టెంబరు 27న తీర్పు, నాలుగేళ్ళ జైలు, వంద కోట్ల జరిమానా. ఛార్జిషీటు నుంచి పదిహేడేళ్ళు.

మూడువారాలకి సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. కాంటీన్లో మావాళ్ళలాంటివాళ్ళు అప్పుడూ అరుచుకునే ఉంటారు. కానీ ఉత్తిగా ఇవ్వలేదు. అప్పీలు కాగితాలు రెండునెలల్లో వెయ్యాలి, వాయిదాలు అడక్కూడదు, ఆ తర్వాత హైకోర్టు త్వరగా తేల్చాలి. పదిహేడేళ్ళు నడిచిన కేసు అప్పీలు ఎనిమిది నెలలు తిరక్కుండా తేలిపోయింది! బెయిలు పోతుందన్న భయం ఉంటే వాయిదాలు ఎవరికీ అక్కర్లేదన్నమాట.

ఆ అప్పీలు తీర్పు మాత్రం నాబోటి లెక్కలవాడికి గుండెపోటు తెప్పిస్తుంది. 2015 మేలో హైకోర్టు నిర్దోషి అంది. ఆస్తులు ఆదాయానికంటే 8.12 శాతమే ఎక్కువ, పది శాతం లోపుంటే పర్వాలేదని. ఆ తీర్పులోనే పది అప్పుల పట్టికుంది. కూడితే 10 కోట్ల 67 లక్షల చిల్లర. తీర్పులో మొత్తం 24 కోట్ల 17 లక్షల చిల్లరని ఉంది. పదమూడున్నర కోట్ల తేడా! కూడిక సరిచేస్తే ఆ 8 శాతం కాస్తా 76 శాతం దాటుతుంది. ఎక్సెల్ షీట్లో ఒక్క సమ్ ఫార్ములా. నేనే కూడి చూశాను, రెండుసార్లు. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు కింది కోర్టు శిక్షని ఖాయం చేసింది. కానీ జయలలిత గారు 2016 డిసెంబరు 5నే పోయారు. శిక్ష అనుభవించడానికి శశికళ గారు వెళ్ళారు.

మన దగ్గరికొద్దాం. ఓబుళాపురం గనుల కేసు సీబీఐ పెట్టింది 2009 డిసెంబరులో. గాలి జనార్దనరెడ్డి గారిని పట్టుకుంది 2011 సెప్టెంబరులో. 2012 మేలో హైదరాబాదు సీబీఐ కోర్టు జడ్జి బెయిలిచ్చారు. ఆ నెల తిరక్కుండా, బెయిలు కోసం కోట్లు చేతులు మారాయన్న ఆరోపణ మీద ఆ జడ్జినే హైకోర్టు సస్పెండ్ చేసింది, తర్వాత అరెస్టు కూడా అయ్యారు. కాంటీన్లో "అమ్ముడుపోయారు" అన్నతని కోపం గాల్లోంచి పుట్టింది కాదని ఒప్పుకోవాలి. తర్వాత 2015లో సుప్రీంకోర్టు సక్రమంగా బెయిలిచ్చింది. తీర్పు 2025 మే 6న. ఏడేళ్ళ శిక్ష, ఆ కేసులోనే మాజీ మంత్రి సబితా ఇంద్రారెడ్డి గారు నిర్దోషి. జూన్‌లో హైకోర్టు శిక్ష నిలుపుదల చేసి ఆయనకి బెయిలిచ్చింది. అంటే అప్పీలు తేలేదాకా మళ్ళీ మొదటికే. దోషులకే కాదు, పదిహేనేళ్ళ తర్వాత నిర్దోషి అనిపించుకున్నవాళ్ళకి ఆ పదిహేనేళ్ళు ఎవరిస్తారు?

జగన్మోహనరెడ్డి గారిని 2012 మే 27న అరెస్టు చేశారు. 2013 మేలో సుప్రీంకోర్టు ఆర్థిక నేరాలు వేరే తరగతివంటూ బెయిలు నిరాకరించి, సీబీఐకి దర్యాప్తు ముగించడానికి నాలుగు నెలలిచ్చింది. సెప్టెంబరు 23న బెయిలొచ్చింది. పదహారు నెలలు జైల్లో. 2019లో ముఖ్యమంత్రయ్యారు. బెయిలొచ్చి పదేళ్ళు దాటినా ఏ కేసూ తీర్పు దాకా రాలేదు. ఛార్జిషీటుకొక డజను చొప్పున డిశ్చార్జి పిటిషన్లు, అవి వినే జడ్జిలు బదిలీ, కొత్త జడ్జికి మళ్ళీ మొదటినుంచి వాదన. చంద్రబాబు నాయుడు గారిని 2023 సెప్టెంబరు 9న స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో అరెస్టు చేశారు. యాభై రోజులు దాటాక మధ్యంతర బెయిలు, నవంబరు 20న పూర్తి బెయిలు. దర్యాప్తుకి ముందు అనుమతి కావాలా వద్దా అన్న ప్రశ్న మీద 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జిలు చెరో మాటా అన్నారు. కవిత గారు ఢిల్లీ మద్యం కేసులో 2024 మార్చిలో లోపలికెళ్ళి ఆగస్టులో బయటికొచ్చారు. ముగ్గురి పేర్లూ రాశాను, ముగ్గురి అభిమానులూ సమానంగా తిట్టుకోండి. ముగ్గురూ జైలు చూశారు. ఆ జైలంతా తీర్పుకి ముందే.

మన పద్ధతే అంత. విచారణ ఎప్పటికీ తేలదని అందరికీ తెలుసు. అందుకే అరెస్టే శిక్షయింది, బెయిలే విడుదలయింది. అధికారంలో ఉన్నవాడికి తీర్పుతో పనిలేదు, ఎదుటివాణ్ణి కొన్నాళ్ళు లోపలుంచితే చాలు. లోపలున్నవాడికీ తీర్పుతో పనిలేదు, బెయిలొస్తే చాలు, ఊరేగింపు చేసుకోవచ్చు.

1988 చట్టంలోనే రోజువారీ విచారణ జరపాలని రాసుంది. 2018లో సవరించి, రెండేళ్ళలో ముగించడానికి ప్రయత్నించాలి, లేకపోతే కారణాలు రాసి ఆర్నెల్లు చొప్పున పెంచుకోవచ్చు, మామూలుగా నాలుగేళ్ళు దాటకూడదు అని చేర్చారు. "ప్రయత్నించాలి", "మామూలుగా"! రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లో ఈ రెండు మాటలు కనపడితే ఆ ప్రాజెక్టు ఎప్పటికీ పూర్తవదని మావాళ్ళకి అనుభవం.

పెదనాన్న సంగతి చెప్తానన్నాను కదా. రెండ్రోజుల్లో బెయిలొచ్చింది. ఎవరూ ఊరేగించలేదు. రెండేళ్ళు సస్పెన్షన్లో సగం జీతం. తర్వాత తీసుకున్నారు కానీ ప్రమోషన్ లేదు. విచారణకి అనుమతి రావడానికి రెండేళ్ళు, ఛార్జిషీటు నుంచి మొదటి సాక్షికి అయిదేళ్ళు. వాయిదా ఉన్న రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారియర్ పట్టుకుని బస్సెక్కేవారు. జడ్జి సెలవు. ప్రాసిక్యూటర్ లేరు. దర్యాప్తు అధికారి వేరే జిల్లాకి బదిలీ. సాయంత్రం అదే క్యారియర్‌తో వచ్చేవారు. రిటైరయ్యాక ప్రొవిజనల్ పెన్షనే, గ్రాట్యుటీ ఆపేశారు. మా అక్క పెళ్ళి చూపుల్లో ఈ సంగతి ముందే చెప్పాలా వద్దా అని ఇంట్లో జరిగిన గుసగుసలు నాకు బాగా గుర్తు.

ఫిర్యాదు చేసినాయన సాక్ష్యం చెప్పకముందే చనిపోయాడు. నీళ్ళు రంగు మారాయి, నోట్లు దొరికాయి, కానీ లంచం అడిగారని చెప్పేవాళ్ళు లేరు. డబ్బు దొరికినంత మాత్రాన చాలదు, అడిగారని రుజువవ్వాలని సుప్రీంకోర్టు 2015లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన ఇలాంటి కేసులోనే చెప్పింది. ఆ లెక్కన 2017లో బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద పెదనాన్నని వదిలేశారు. 2022 డిసెంబరులో అయిదుగురు జడ్జిల ధర్మాసనం, ఫిర్యాదుదారు చనిపోయినా ఇతర సాక్ష్యాలతో రుజువు చెయ్యొచ్చని చెప్పింది. అయిదేళ్ళు ఆలస్యంగా తీర్పొచ్చుంటే ఏమయ్యేదో తెలీదు. అయిదేళ్ళు ముందొచ్చుంటే, ఆయన బతికుండి సాక్ష్యం చెప్పుంటే, ఏమయ్యేదో అదీ తెలీదు.

తీసుకున్నారా లేదా? ఈ ప్రశ్న నేను ఒక్కసారే అడిగాను, పోయినేడాది సంక్రాంతికి వెళ్ళినప్పుడు. పెదనాన్న అరుగు మీద కూచుని పేపరు చదువుతున్నారు. తలెత్తి నావైపు చూశారు. "కోర్టు పద్నాలుగేళ్ళు చూసి చెప్పలేకపోయింది, నువ్వు ఇప్పుడడిగితే నేను చెప్పింది నమ్ముతావురా?" అన్నారు.

నేనేం మాట్లాడలేదు. ఆయన పేజీ తిప్పారు.